క్యాష్ కౌంటర్‌లో ఏడేళ్ల విపశ్యన

కోపం నోటిదాకా రాకముందే చెవుల వెనుక వేడిగా మొదలవుతుందని తెలిసిరావడం, విపశ్యన (శ్వాసనూ, శరీరంలోని సంవేదనలనూ ఊరికే గమనించే ధ్యానపద్ధతి) నాకిచ్చినవాటిలో అన్నిటికంటే విలువైనది. నేను బ్యాంకులో క్యాషియర్‌ను. నెల మొదటివారంలో పింఛన్లు పడగానే వరుస గుమ్మం దాటి మెట్లదాకా పోతుంది, ఎవరో ఒకరు అరుస్తారు, పూర్వం నేనూ అదే గొంతుతో బదులు చెప్పేదాన్ని. ఇప్పుడు ఎదుటివారి స్వరం పెరగగానే ముందు నా చెవుల వెనుక వేడి, ఆ తరువాత దవడ బిగియడం స్పష్టంగా తెలుస్తాయి. వాటిని అణచాలని చూడకుండా రెండు క్షణాలు ఊరికే గమనిస్తే, అవి సడలేసరికి అనబోయిన మాట అవసరం తీరిపోతుంది. ఏడేళ్లయినా ఈ గుణం తరగలేదు.

2018 వేసవిలో, వనస్థలిపురం వైపు నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్త కేంద్రంలో పదిరోజుల శిబిరం చేశాను. 1976 నుంచి నడుస్తున్న కేంద్రమది. తెల్లవారుజామున నాలుగింటికి మోగే గంట గురించీ, మౌనం గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోను. ఉద్యోగస్తులు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: చేరే రోజునూ, పదకొండో రోజు ఉదయపు ప్రయాణాన్నీ కలుపుకుంటే పన్నెండు రోజుల సెలవు కావాలి. రుసుము లేదు, పూర్వ సాధకుల విరాళాలతోనే అంతా నడుస్తుంది.

ఇక నన్ను దెబ్బతీసిన సంగతి. శిబిరం నుంచి వచ్చాక, పనిలో ధ్యానం అంటే పని చేస్తున్నంతసేపూ శ్వాసను వదలకపోవడమేనని నాకు నేనే నిర్ణయించుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కింది మొదలు సాయంత్రం సొరుగుకు తాళం వేసేదాకా ముక్కుపుటాల దగ్గర గాలి తాకిడిని పట్టుకునే ప్రయత్నమే. మూడో ఏడాది ఒక సాయంత్రం లెక్క చూస్తే పదివేలు తగ్గాయి. మూడుసార్లు లెక్కించాను, వోచర్లన్నీ మళ్లీ తిరగేశాను. చివరికి సీసీటీవీలో దొరికింది. ఒక పెద్దాయన నలభైవేలకు ఫారం ఇచ్చారు. వెనుక నా చేతిరాతతోనే 500 నోట్లు 80 అని సరిగ్గా ఉంది. కానీ కట్టలోంచి 20 నోట్లు తీయవలసిన చేయి, పట్టీ కూడా విప్పకుండా, వంద నోట్ల కట్టను అలాగే అందించింది. తెరమీద నా ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత చూసి నాకు భయం వేసింది. తేడా సొమ్ము ఆ రాత్రికి నేనే కట్టాను. ఫోన్ చేస్తే ఆ పెద్దాయన, ‘నేనూ ఇంటికొచ్చి చూసుకున్నానమ్మా, పొద్దున్నే తెచ్చిస్తా’ అన్నారు, తెచ్చారు కూడా.

మరుసటి ఏడాది రెండోసారి శిబిరానికి వెళ్లాను. పదో రోజు వినిపించే రికార్డు ప్రవచనంలో, ఈ శిబిరాల గురువు గోయెంకా గారు ఈ మాటే విడమరచి చెబుతారు: శ్రద్ధ అవసరమైన పని చేసేటప్పుడు మనసంతా ఆ పనిమీదే ఉండాలి, అదే అప్పటికి ధ్యానం; తీరిక దొరికిన కాసేపు, కళ్లు తెరిచే ఉంచి, శరీరంలోని సంవేదనలను గమనించాలి. మొదటిసారీ ఈ ప్రవచనం విన్నాను, కానీ ఆ ఉదయమే మౌనం విడిచిన సందడిలో, పిల్లవాడి ధ్యాసలో అది నా చెవికెక్కలేదు. ఎరుక గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలోనూ నడవడం, వంగడం, చేయి చాచడం, తినడం, మాట్లాడడం వీటినే ఎరుకతో చేయమని ఉంది. చేయి చాచడం అన్నచోట నాకు ఆ కట్ట గుర్తొచ్చింది. అప్పటినుంచి నోటు చేతిలో ఉన్నంతసేపూ నోటే. ఒక టోకెన్‌కూ మరో టోకెన్‌కూ నడుమనే శ్వాస. ఒక్క రూపాయి తేడా రాలేదని చెప్పలేను గాని, కట్టలకు కట్టలు జారిపోవడం మళ్లీ జరగలేదు.

గుణం తరగలేదని పైన రాశాను. అది ఉదయం ధ్యానానికి కూర్చున్న రోజుల మాట. కూర్చోని రోజు చెవుల వేడి తెలుస్తుంది, కానీ మాట అనేశాక తెలుస్తుంది. పైగా కౌంటర్ అవతలి కొత్త ముఖాల ముందు పనిచేసినంత చక్కగా, రాత్రి ఎనిమిదింటికి మావాడి లెక్కల పుస్తకం ముందు పనిచేయడం లేదు. ఎందుకో నాకింకా అంతుపట్టలేదు.

ఉదయం గంట, సాయంత్రం గంట కూర్చోమంటారు. నాకు ఉదయం నలభై నిమిషాలే కుదురుతున్నాయి, అదీ మా అత్తగారు వంటగది చూసుకుంటున్నందువల్ల. ఒంటరిగా ఇల్లు నెట్టుకొచ్చేవారికి ఇది తేలిక అని నేను చెప్పను. మానసిక ఆరోగ్యానికి చికిత్స పొందుతున్నవారు దరఖాస్తులో ఆ సంగతి దాచకుండా రాయాలి, తమ వైద్యులను అడిగాకే నిర్ణయించుకోవాలి. రోజంతా మనుషులతో మాట్లాడే ఉద్యోగమైతే, సెలవు దొరికితే, వెళ్లమనే అంటాను. ఈసారి బదిలీల్లో నన్ను రుణాల విభాగానికి పంపవచ్చంటున్నారు. అక్కడ వరుసలుండవు, అరుపులు తక్కువ, రోజంతా కాగితాలే. ఈ సాధన నాకు అక్కడ ఏ మేరకు ఉపయోగపడుతుందో వెళ్లాక గాని చెప్పలేను.