తుఫాను తర్వాత షట్టరు ఎత్తాలంటే ఏ డబ్బు మేలు?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, విశాఖ మీదుగా దాటుతున్నప్పుడు గాలి కాసేపు నిలిచిపోయింది. గండం గడిచిందనుకున్నాం. తర్వాత అదే గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది. అక్కయ్యపాలెంలో మా మావయ్య కిరాణా కొట్టు రేకులు పొద్దుటి గాలికి ఆగాయి కానీ ఈ రెండో గాలికి లేచిపోయాయి. బియ్యం, పంచదార, శనగపిండి అన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇంకో పదకొండు రోజుల్లో దీపావళి. పండగ బేరం కోసం దించిన సరుకే అదంతా.

కొట్టు మళ్లీ తెరవడానికి ఆయనకు కనిపించిన దారులు నాలుగు: రోజు వడ్డీ, ఇంట్లో బంగారం, హోల్‌సేల్ షావుకారి అరువు, బ్యాంకు. ఐదోది ఇన్సూరెన్సు. దాని సంగతి చివర్లో చెప్తాను.

అన్నిటికంటే ముందు గుమ్మంలోకొచ్చేది రోజు వడ్డీ. కాగితాలు అడగరు. 9,000 చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరుగుతూ పోతుంది కదా, సగటున మన చేతిలో ఉండేది 4,500 మాత్రమే. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి అంటే ఏడాదికి ఎనభై శాతం. ముందే తీర్చేసినా, కోసుకున్న ఆ వెయ్యి తిరిగి రాదు. వీధంతా కరెంటు లేక చీకట్లో ఉన్నా సాయంత్రానికి వసూలు బండి మాత్రం వచ్చి ఆగుతుంది.

అయినా దీన్ని తీసిపారేయలేను. ఫిషింగ్ హార్బరులో తెల్లారుజామున చేపలు కొని మధ్యాహ్నానికి అమ్మేసే ఆవిడ పెట్టుబడి రోజుకోసారి తిరుగుతుంది, ఆ వంద ఆవిడ కట్టగలదు. ఆవిడకు అప్పిచ్చేవాళ్లు అప్పట్లో వేరే ఎవరున్నారు? వీధి వ్యాపారుల కోసం పీఎం స్వనిధి అనే అప్పు పథకం వచ్చింది 2020లో, మొదటి విడత 10,000తో. సక్రమంగా కడితే ఏడాదికి ఏడు శాతం వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. కాకపోతే వీధి వ్యాపారిగా గుర్తింపు కాగితం తుఫానుకు ముందే చేతిలో ఉంటే పని సులువు. అంతా కొట్టుకుపోయాక ఆఫీసుల చుట్టూ తిరగడం ఎంత కష్టమో వేరే చెప్పాలా.

బంగారం సంగతి వేరు. బ్యాంకులో పెడితే వడ్డీ నెలకు నూటికి రూపాయి అటూ ఇటూ. మామూలు రోజుల్లో గంటలో డబ్బు. ఆ వారం మాత్రం కరెంటూ లేదు, ఫోన్లూ లేవు. అత్తయ్య గాజులు చెంగున ముడేసుకుని వెళ్లి, అలాగే తిరిగొచ్చింది. నాలుగు రోజుల తర్వాత గానీ పని కాలేదు. ఇంకో భయం కూడా ఉంది. కొట్టు మళ్లీ పుంజుకోకపోతే వేలానికి పోయేది ఆవిడ గాజులే, ఆయన తక్కెడ కాదు.

మావయ్యను నిజంగా నిలబెట్టింది పూర్ణా మార్కెట్ షావుకారు. ఆయన గోడౌనూ తడిసింది. కానీ చిల్లర కొట్లు మూతపడితే తన పాత బాకీలు వసూలు కావని ఆయనకు తెలుసు. పుస్తకంలో పాత లెక్క కింద గీత గీసి, కొత్త పేజీలో సరుకు రాశాడు. ఊరికే ఇవ్వలేదు లెండి. ధర కాస్త ఎక్కువ వేశాడు, అమ్ముడుపోని సబ్బుల పెట్టొకటి అంటగట్టాడు. అయినా కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బిస్కెట్లు, నీళ్ల సీసాలు ఎవరడిగితే వాళ్లకు కావలసిన వారం అది. సగం కొట్టుకు టార్పాలిన్ కట్టి, బల్ల వేసి అమ్మాడు. "తెరవకపోతే జనం ఇంకో కొట్టుకి అలవాటు పడిపోతార్రా" అనేవాడు.

నన్నడిగితే, చూడాల్సింది వడ్డీ ఒక్కటే కాదు, ఆ డబ్బుతో కొన్నది ఎన్నాళ్లకు తిరిగి డబ్బవుతుందన్నది. సరుకు రెండు మూడు వారాల్లో తిరుగుతుంది, దానికి షావుకారి అరువు సరిపోతుంది. కప్పు, ఫ్రిజ్, వైరింగ్ వంద రోజుల్లో డబ్బు తిరిగివ్వవు. వాటికి నిదానంగా కట్టుకునే బ్యాంకు అప్పే మేలు. అది చేతికొచ్చేదాకా బంగారం వంతెనలాంటిది. రేకుల కోసం రోజు వడ్డీ తెచ్చినవాడు రేకులూ వేస్తాడు, ఆర్నెల్లకు కొట్టూ మూస్తాడు.

బ్యాంకులో ఇప్పుడు చిన్న వ్యాపారులకు ముద్ర అనే అప్పు పథకం ఉంది. 2015లో వచ్చింది కాబట్టి మావయ్యకు అందలేదు. తనఖా అక్కర్లేదు. శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా ఇస్తారు. పాత లోన్ ఉంటే, వాయిదా తప్పకముందే వెళ్లి గడువు అడగండి. విపత్తు వచ్చిన ప్రాంతాల్లో గడువు పొడిగించడానికి రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే వీలుంది. మాఫీ కాదది, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 12 శాతం వడ్డీకి 3 లక్షల అప్పుంటే, మూడు నెలలు ఆపినందుకు దాదాపు 9,000 పెరుగుతుంది. ఊపిరి తీసుకోవడానికి అది పెద్ద ధరేం కాదు.

ఇక ఇన్సూరెన్సు. తీర్చక్కర్లేని డబ్బు ఇదొక్కటే, కాకపోతే నెలలు పట్టొచ్చు. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని ఒకే తరహా పాలసీ ఉంది, తుఫాను, వరద దాని పరిధిలోకే వస్తాయి. 10 లక్షల సరుకుకు 5 లక్షలకే చేయించుకుంటే, 2 లక్షల నష్టానికి చేతికొచ్చేది లక్షే. తక్కువకు చేయించుకున్నా ఆ తేడా పదిహేను శాతం లోపయితే ఈ పాలసీలో కోత పడదు. గోడౌను చిరునామా పాలసీలో ఉందా లేదా అన్నది ఈరోజే చూసుకోవాలి. తడిసిన సరుకును, నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయరు చూసేదాకా కదపకూడదు. తప్పనిసరైతే ముందు ఫోటోలు, వీడియో తీసి, కంపెనీకి కబురు చెప్పాలి. కొనుగోలు బిల్లులు ఫోన్లోనో మెయిల్లోనో ఒక కాపీ ఉండాలి.

సరుకు మీద అప్పిచ్చిన బ్యాంకులు చాలాసార్లు ఇన్సూరెన్సు తామే కట్టించి, ప్రీమియం మన ఖాతాలోంచి కోసుకుంటాయి. మావయ్య కంపు భరించలేక మూడో రోజే బస్తాలన్నీ మున్సిపాలిటీ లారీకి ఎత్తించేశాడు. తన ఖాతాలోంచీ అలా కోసుకున్న ప్రీమియం పద్దు పాస్‌బుక్కులో ఆయన కంటపడింది మరుసటి మార్చిలో, ఏడాది లెక్కలు చూసుకుంటుంటే.