ఫైబర్ బాక్సు లైట్లు: నాలుగేళ్లు వాడాక నా అభిప్రాయం

మా హాల్లో గోడకు బిగించిన ఫైబర్ బాక్సు కనెక్షన్‌తో పాటు వచ్చిందే. మోడెమ్, రౌటర్, వైఫై మూడూ అందులోనే ఉంటాయి. టెక్నీషియన్లు దాన్ని ఓఎన్‌టీ అంటారు. హైదరాబాద్ నాచారంలో మా అపార్ట్‌మెంట్‌కు ఫైబర్ వేసినప్పటి నుంచి, అంటే నాలుగేళ్లు దాటింది, రాత్రీ పగలూ ఇదే నడుస్తోంది. నా ఆఫీసు పని, అమ్మాయి క్లాసులు, టీవీ అన్నీ దీని మీదే. స్పీడు గురించి అందరూ రాస్తారు కాబట్టి అది వదిలేస్తున్నాను. నాకు ఈ బాక్సులో బాగా నచ్చినవి దాని లైట్లు. నెట్ ఆగినప్పుడు తప్పు ఇంట్లో ఉందా, వీధిలో ఉందా, కంపెనీ దగ్గరుందా అన్నది చాలావరకు అవే చెప్పేస్తాయి.

అన్నిటికంటే నమ్మదగింది ఎల్‌ఓఎస్, అంటే 'లాస్ ఆఫ్ సిగ్నల్' లైటు. మామూలు రోజుల్లో అది వెలగనే వెలగదు. ఎర్రగా కొట్టుకుంటోందంటే ఫైబర్‌లో రావాల్సిన కాంతి బాక్సు దాకా రావట్లేదని అర్థం. అప్పుడు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఉపయోగం ఉండదు. బాక్సు కింద ఆకుపచ్చ కనెక్టర్ సరిగ్గా కూర్చుందా, వైరు సోఫా వెనకో తలుపు సందులోనో నలిగిందా అని చూడాలి. లోపల ఉండేది వెంట్రుకంత సన్నని గాజు పోగు. మరీ గట్టిగా మడిస్తే అది విరగకపోయినా కాంతి పక్కకు జారిపోతుంది. కనెక్టర్ కొనను వేలితో ముట్టుకోవద్దు, చీర చెంగుతోనో రుమాలుతోనో తుడవద్దు. కంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూడటం అసలు వద్దు. అందులో వచ్చేది 1490 నానోమీటర్ల లేజర్, మన కంటికి కనబడదు. పిల్లలున్న ఇళ్లలో ఈ సంగతి తప్పకుండా చెప్పి ఉంచాలి.

ఇంట్లో అంతా బాగానే ఉంటే మేం చేసే తర్వాతి పని ఎదురింటి తలుపు కొట్టడం. చాలాసార్లు ఆ ఆంటీయే ముందు అడుగుతారు: "మీకు నెట్ వస్తుందా బాబూ? మాకైతే ఎర్ర లైటు వచ్చింది." అదే కంపెనీ లైన్ ఉన్న రెండిళ్లలోనూ ఒకేసారి ఎర్ర లైటు వచ్చిందంటే తెగింది వీధి నుంచి మన ఇంటికొచ్చే డ్రాప్ వైరు కాదు. ఒక ఫైబర్‌లోని కాంతిని చాలా ఇళ్లకు పంచే స్ప్లిటర్ దగ్గరో, దానికి పైన వచ్చే కేబుల్‌లోనో ఏదో అయింది. కంప్లైంట్ ఇచ్చేటప్పుడు ఈ మాట చెబితే వచ్చే మనిషి మన హాల్లో కాకుండా వీధిలోనే పని మొదలుపెడతాడు.

మన నగరంలో ఈ లైటు ఎందుకు ఇన్నిసార్లు వెలుగుతుందో స్తంభాల వైపు తలెత్తి చూస్తే అర్థమవుతుంది. సంక్రాంతి రోజుల్లో కేబుళ్లకు చిక్కిన గాలిపటాల్ని పిల్లలు లాగుతారు. రోడ్డు తవ్వకాలు ఎప్పుడూ ఉండేవే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లను నగరమంతా కత్తిరిస్తూ వెళ్లారు. మా వీధిలో కూడా చాలా ఇళ్లకు నెట్ పోయింది. నెట్ లేక ఇబ్బందిపడ్డ మాట నిజమే. కానీ మనుషుల ప్రాణాల ముందు అది లెక్కలోది కాదు. ఆ వైర్లను పద్ధతిగా వేసి ఉంటే ఆ పరిస్థితే వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

పీఓఎన్ లైటు నిలకడగా పచ్చగా ఉంటే బాక్సు కంపెనీ పరికరంతో కలిసిందని అర్థం. రీస్టార్ట్ చేశాక కాసేపు మిణుకుమిణుకుమనడం మామూలే. ఎల్‌ఓఎస్ ఆరిపోయి ఉండి, పీఓఎన్ మాత్రం అలాగే కొట్టుకుంటూ ఉంటే కాంతి వస్తోంది కానీ బలం చాలట్లేదు, లేదంటే అవతల రిజిస్ట్రేషన్ కుదరట్లేదు. దీన్ని తేల్చుకోవడానికి లైటు చాలదు, అంకె చూడాలి. మా బాక్సులో బ్రౌజర్లో 192.168.1.1 కొట్టి లాగిన్ అయితే ఆప్టికల్ పేజీలో రిసీవ్ పవర్, అంటే బాక్సుకు చేరే కాంతి బలం, కనిపిస్తుంది. అది డీబీఎం అనే కొలతలో, మైనస్‌లో ఉంటుంది; మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు. మైనస్ 20 దగ్గరుంటే హాయి. ఈ రకం బాక్సులకు సాధారణంగా మైనస్ 27 వరకే హద్దు. 3 డెసిబెల్స్ తగ్గిందంటే కాంతి సగానికి పడిపోయినట్టే. ఒక వానాకాలం మాకు నెట్ వస్తూ పోతూ ఉంటే, వచ్చిన టెక్నీషియన్ మీటరు పెట్టి "సార్, మైనస్ ఇరవై తొమ్మిది చూపిస్తోంది, బయట జాయింట్ పోయింది" అన్నాడు. జాయింట్ మళ్లీ వేశాక అదే వైరులో మైనస్ 21 వచ్చింది. కనెక్షన్ కొత్తగా పెట్టించుకునేవాళ్లు మొదటి రోజే ఈ అంకె అడిగి రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చి చూసుకోవడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

ఇక నాకు నచ్చనిది ఇంటర్నెట్ లైటు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కుదిరి కనెక్షన్ కలిస్తే పచ్చగా వెలుగుతుంది, అంతవరకే. అవతల వెబ్‌సైట్ పేర్లకు చిరునామా వెతికిపెట్టే డీఎన్‌ఎస్ పనిచేయక ఒక్క పేజీ కూడా తెరుచుకోని రోజు కూడా మా బాక్సు పచ్చగానే చూపించింది. ఎర్రగా ఉన్నప్పుడు మాత్రం దాని మాట వినొచ్చు. పీఓఎన్ పచ్చగా, ఇంటర్నెట్ ఎర్రగా ఉంటే ముందు బిల్లు గడువు చూడండి, తర్వాత కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. బాక్సు వెనకున్న చిన్న రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చడం ఒక్కటే చేయవద్దు. సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, మళ్లీ మనిషి వచ్చేదాకా నెట్ ఉండకపోవచ్చు.

కంప్యూటర్‌కు వైరు కలిపే చోటుండే ల్యాన్ లైటు కూడా సగమే చెబుతుంది. నా కంప్యూటర్‌కు స్పీడు 100 మెగాబిట్లు దాటకపోతే ప్లాన్‌లోనే ఏదో తేడా ఉందని టెన్షన్ పడ్డాం. లైటేమో ఎప్పటిలాగే కొట్టుకుంటోంది. నిజానికి కేబుల్‌లో ఒక తీగ తెగింది. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు నాలుగు చాలు. అందుకే నెట్ ఆగకుండా నెమ్మదించింది. కేబుల్ మార్చగానే సరిపోయింది.

వైఫై లైటు పూర్తిగా ఆరిపోతే పక్కనున్న బటన్ చూడండి, దుమ్ము తుడిచేటప్పుడు అది నొక్కుకుపోతుంది. పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్లను వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్‌ను నేను సెట్టింగుల్లోనే ఆపేశాను. దాని పిన్ పద్ధతిలోని లోపం 2011లోనే బయటపడింది.

పవర్ లైటు ఆరి వెలుగుతూ, బాక్సు తనంతట తానే మళ్లీ మళ్లీ మొదలవుతుంటే ముందు అడాప్టర్‌ను అనుమానించాలి. మాది 12 వోల్టులది, రెండేళ్లు తిరగకుండానే పోయింది. ఈ ధరలో ఇంత నాసి అడాప్టర్ ఇవ్వడం బాగోలేదు. కొత్తది కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే ఉన్నా ఎక్కువున్నా పర్వాలేదు. దాంతోపాటే ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ తీసుకున్నాం. ఈ రకం ఫైబర్ లైన్‌లో దారిలో ఉండే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు. అందుకే మా వీధంతా కరెంటు పోయినా మా ఇంట్లో కాల్ తెగట్లేదు. కొన్ని లోకల్ కేబుల్ లైన్లలో మధ్యలో కరెంటుతో నడిచే స్విచ్చులు ఉంటాయి. అలాంటి చోట ఇది పనిచేయదు, కొనేముందు మీ లైన్‌మన్‌ను అడగండి.