పాత ఏపీఐని తీసేయడమా, నెమ్మదిగా సాగనంపడమా, పక్కనే కొత్తది కట్టడమా: ఏది మేలు?

మీ లైబ్రరీలో, అంటే ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్‌లో, ఐదారేళ్ల కిందట రాసిన ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి. బయటివాళ్లు దాన్ని పిలిచే తీరే దాని ఏపీఐ. సర్వర్‌కి డేటా పంపడం దాని పని. మొదట్లో రెండే పారామీటర్లు (పిలిచేటప్పుడు దానికిచ్చే విలువలు). తర్వాత ఒకరు టైమౌట్ కావాలన్నారు, ఇంకొకరు ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించాలన్నారు, మరొకరు ఎర్రర్ వస్తే ఎక్సెప్షన్ (పట్టుకోకపోతే ప్రోగ్రామ్‌ని ఆపేసే సంకేతం) వద్దు, ఖాళీ విలువ ఇస్తే చాలన్నారు. అడిగిన ప్రతిసారీ చివర ఒక పారామీటర్ చేరింది. ఇప్పుడు దాన్ని పిలిచే చోట చూస్తే 30, ట్రూ, ఫాల్స్, ఫాల్స్, ట్రూ అని బారుగా ఉంటుంది, ఏ ట్రూ దేనికోసమో రాసినవాళ్లకే గుర్తుండదు. బాగుచేయాలని మీకు గట్టిగానే ఉంది. కానీ దాన్ని ఎంతమంది, ఎక్కడెక్కడ వాడుతున్నారో తెలుసుకునే దారి లేదు.

ఈ పరిస్థితిలో దారులు మూడు. కొత్త మేజర్ వెర్షన్ (పాత కోడ్ పనిచేయకపోవచ్చనే పెద్ద మార్పుల వెర్షన్) వేసి పాతదాన్ని ఒక్కసారిగా తీసేయడం ఒకటి. వార్నింగ్ ఇస్తూ, గడువు పెట్టి, నెమ్మదిగా సాగనంపడం రెండోది. పాతదాన్ని ఉన్నచోటే ఉంచి పక్కన కొత్త ఇంటర్‌ఫేస్ కట్టడం మూడోది. నేను మూడింటినీ ఒకే ప్రశ్నతో కొలుస్తాను: వాడేవాళ్లు తమ కోడ్‌ని ఒక్కో ఫైలు చొప్పున మార్చుకోగలరా, సగంలో ఆపేసి వేరే పనిలో పడినా ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుందా? మిగతావన్నీ దీని తర్వాతే.

మొదటిదానికి, అంటే పాతదానితో తెంచుకునే దారికి, పెద్ద ఉదాహరణ పైథాన్ 3. అది భాష కథే అయినా లైబ్రరీలకూ అక్షరాలా వర్తిస్తుంది. 3.0 వచ్చింది 2008 డిసెంబర్‌లో. పైథాన్ 2కి సపోర్ట్ 2015లో ఆపేస్తామని ముందు అనుకున్నారు, 2014లో ఆ గడువును 2020కి జరిపారు, చివరికి 2020 జనవరి 1న ఆగింది. అంటే పదకొండేళ్ల పైమాటే. చాలామంది ప్రింట్‌కి బ్రాకెట్లు పెట్టాల్సి రావడమే కష్టమైందనుకుంటారు గానీ అదసలు సమస్యే కాదు, ఒక చిన్న స్క్రిప్ట్‌తో మారిపోయేది. కష్టమంతా స్ట్రింగుల (కోడ్‌లో రాతను దాచే విలువల) దగ్గర వచ్చింది. పాత పైథాన్‌లో అక్షరాలూ బైట్లూ దాదాపు ఒకటిగా చెల్లిపోయేవి, కొత్తదానిలో అవి వేర్వేరు టైపులు. ఏ ఫంక్షన్ ఏది తీసుకుంటుందో, ఏది తిరిగిస్తుందో కోడంతా కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది.

దానికి తోడు, మొదటి ప్రణాళికలోనే ఒక పొరపాటు ఉందని నా అభిప్రాయం. టూ-టు-త్రీ అనే టూల్‌తో కోడ్‌ని మార్చుకుని అందరూ అటు వెళ్లిపోతారని అనుకున్నారు. కానీ ఎవరి ప్రోగ్రామూ ఒంటరిగా లేదు కదా, పది లైబ్రరీల మీద ఆధారపడి ఉంటుంది, ఆ పదీ మారేదాకా అది మారలేదు, ఆ లైబ్రరీలు రాసేవాళ్లేమో పాత యూజర్లను వదులుకోలేరు. అందుకని చివరికి జనం రెండింటిలోనూ నడిచే కోడ్ రాయడం మొదలుపెట్టారు, దానికోసం సిక్స్ అనే లైబ్రరీ పుట్టింది. స్ట్రింగ్ ముందు పెట్టే, 3.0లో తీసేసిన యూ ప్రిఫిక్స్‌ని 2012లో 3.3లో తిరిగి తెచ్చారు, కారణం కూడా ఇదే: ఒకే ఫైలు రెండు వెర్షన్లలోనూ నడవాలి. తెంచుకుందామని మొదలుపెట్టినవాళ్లే మధ్యలో వంతెన కట్టాల్సి వచ్చింది.

అలాగని తెంచుకోవడం ఎప్పుడూ తప్పేనని నేను అనను. స్ట్రింగుల మార్పు నిజంగా అవసరమైనదే, రేపర్ (ఒకదాని మీద తొడిగి లోపల దాన్నే పిలిచే పల్చటి కోడ్) రాసి కప్పిపుచ్చగలిగేది కాదు, ఎందుకంటే అక్కడ మారింది పేరు కాదు, అర్థం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ 2016లో 1.1.0 వెర్షన్‌లో చాలా స్ట్రక్చర్ల లోపలి భాగాలను బయటికి కనిపించకుండా దాచేసింది, వాటి ఫీల్డులను నేరుగా ముట్టుకున్న ప్రోగ్రాములన్నీ కంపైల్ కాకుండా ఆగిపోయాయి. బాధే. కానీ ఆ ఫీల్డులు బయట ఉన్నంతకాలం లోపల ఏదీ మార్చలేరు. ముందుముందు మళ్లీ మళ్లీ తెంచుకోకుండా ఉండటానికి ఒకసారి తెంచుకోవడం సబబే.

తెంచుకోక తప్పకపోతే మాత్రం పేరు మార్చి తెంచండి. ఇది చాలామంది వదిలేసే విషయం. మీ లైబ్రరీ వెర్షన్ 2 ఒకరికి కావాలి, వెర్షన్ 3 ఇంకొకరికి కావాలి, ఆ రెండింటినీ వాడే మూడో ప్రోగ్రామ్ ఒకటి ఉంది. పైథాన్‌లో మామూలుగా ఒక ప్రోగ్రామ్‌లో ఒక లైబ్రరీకి ఒక్క వెర్షనే ఉంటుంది, కాబట్టి ఆ మూడోవాళ్లు తమ తప్పేమీ లేకుండా ఇరుక్కుపోతారు. జావా లోకంలో అపాచీ కామన్స్ లాంగ్ అనే లైబ్రరీ మూడో వెర్షన్‌కి ప్యాకేజీ పేరునే లాంగ్‌3 అని మార్చారు, రెట్రోఫిట్ అనే ఇంకో లైబ్రరీ కూడా రెండో వెర్షన్‌కి రెట్రోఫిట్2 అని పెట్టుకుంది. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ పాతదీ కొత్తదీ ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన బతుకుతాయి. గో భాష దీన్ని నియమంగానే పెట్టింది, రెండో మేజర్ వెర్షన్ నుంచి ఆ నంబర్ ఇంపోర్ట్ పాత్‌లోనే (లైబ్రరీని తెచ్చుకునేటప్పుడు రాసే పేరులోనే) కనిపించాలి.

ఇక రెండో దారి, డిప్రికేషన్, అంటే ఇది వాడొద్దు, తీసేస్తాం అని ముందే ప్రకటించడం. బాగా చేస్తే మంచి దారే. సైకిట్-లెర్న్ అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ చేసిన పని మన మొదటి ఫంక్షన్‌కి సరిగ్గా సరిపోతుంది: చాలా పారామీటర్లను పేరుతోనే ఇవ్వాలి, వరసలో ఇస్తే కుదరదు అని మార్చాలనుకున్నారు. 2020 మేలో 0.23 వెర్షన్‌లో వార్నింగ్ పెట్టారు, 2021 సెప్టెంబర్‌లో 1.0 వచ్చినప్పుడు అది ఎర్రర్ అయింది. ఇందులో ముఖ్యమైనది వాళ్లు వాడిన వార్నింగ్ రకం. పైథాన్‌లో డిప్రికేషన్ వార్నింగ్ అనేది మామూలుగా తెరమీదకి రాదు, నేరుగా నడిపే మెయిన్ స్క్రిప్ట్‌లో వస్తే తప్ప దాచేస్తారు. ఫ్యూచర్ వార్నింగ్ అలా కాదు, అందరికీ కనిపిస్తుంది. సైకిట్-లెర్న్ రెండోదాన్ని వాడింది. మీరిచ్చిన వార్నింగ్ ఎవరూ చూడకపోతే ఇవ్వనట్టే, గడువు రెండేళ్లు పెట్టినా వాళ్లకి తెలిసేది తీసేసిన రోజే.

పైథాన్‌లో లెక్కల కోసం వాడే నమ్‌పై (కోడ్‌లో ఎన్‌పీ అని రాస్తారు) విషయంలో చాలామందికి జరిగింది ఇదే. ఎన్‌పీ.ఫ్లోట్, ఎన్‌పీ.ఇంట్ లాంటి పేర్లను 2021 జనవరిలో 1.20లో డిప్రికేట్ చేశారు, 2022 డిసెంబర్‌లో 1.24లో తీసేశారు. దాదాపు రెండేళ్లు. అయినా ఎక్కడో లోపలి లైబ్రరీలో ఆ పేరు మిగిలిపోయి, నమ్‌పై అప్‌డేట్ కాగానే ప్రోగ్రామ్ ఆగిపోయిన అనుభవం నాకూ ఉంది. కానీ ఆ ఎర్రర్ మెసేజ్‌ని మెచ్చుకోవాలి. ఆ పేరు మామూలు పైథాన్ ఫ్లోట్‌కే మారుపేరు, ఫ్లోట్ అని రాస్తే మీ ప్రోగ్రామ్ ప్రవర్తన మారదు, నమ్‌పై టైపే కావాలంటే ఫ్లోట్64 వాడండి అని అక్కడే చెప్పింది. ఐదు నిమిషాల పని. డిప్రికేట్ అయింది అని ఊరుకునే మెసేజ్‌కీ దీనికీ చాలా తేడా ఉంది.

గడువు లేని డిప్రికేషన్ మాత్రం వద్దు. జావాలో డేట్ క్లాసులోని గెట్‌ఇయర్ 1997లో వచ్చిన 1.1 నుంచీ డిప్రికేటెడ్, ఇప్పటికీ అక్కడే ఉంది. ఇలాంటివి పేరుకుపోయాక ఎవరూ ఆ మాటను పట్టించుకోరు. అందుకే 2017లో జావా 9లో నిజంగా తీసేయబోతున్నవాటికి వేరే గుర్తు పెట్టాల్సి వచ్చింది.

మూడో దారి, అంటే పక్కన కొత్తది కట్టడం, నాకు అన్నిటికంటే నచ్చింది, దానికి కారణం కూడా ఆ జావా తేదీలే. పాత డేట్‌లో సంవత్సరం 1900 నుంచి లెక్క, నెలలు సున్నా నుంచి మొదలు, పైగా ఒకసారి తయారుచేసిన ఆబ్జెక్ట్‌ని ఎవరైనా మార్చేయొచ్చు. మరమ్మతుకు లొంగేది కాదు. 2014 మార్చిలో జావా 8లో దాన్ని కదపకుండా జావా.టైమ్ అనే కొత్త ప్యాకేజీ ఇచ్చారు, పాత క్లాసుకి టూఇన్‌స్టంట్ అనే మెథడ్ చేర్చారు, అటునుంచి వెనక్కి రావడానికి డేట్.ఫ్రమ్ ఉంది. అంతే. ఒక ఫంక్షన్‌ని ఈరోజు మార్చి, దాన్ని పిలిచే ఫంక్షన్‌ని వచ్చే నెల మార్చుకోవచ్చు. నా ప్రశ్నకి ఇది సూటి జవాబు. (ఒక్క జాగ్రత్త: డేటాబేస్ కోసం ఉన్న జావా.ఎస్‌క్యూఎల్.డేట్ మీద టూఇన్‌స్టంట్ పిలిస్తే ఎక్సెప్షనే వస్తుంది, అందులో గంటలూ నిమిషాలూ ఉండవు కనక. అక్కడ టూలోకల్‌డేట్ వాడాలి. వంతెన కట్టేటప్పుడు సబ్‌క్లాసులను కూడా దాటించి చూడండి.)

గో వాళ్లు 2024 ఫిబ్రవరిలో 1.22తో పాటు మ్యాథ్/ర్యాండ్/వీ2 ఇచ్చినదీ ఇదే పద్ధతిలో. 2012లో గో 1 వచ్చినప్పుడు పాత కోడ్ చెడదని మాటిచ్చారు. ర్యాండమ్ నంబర్ల దగ్గర ఆ మాట ఎంత బిగుతుగా ఉంటుందంటే, ఒక సీడ్ (మొదలుపెట్టే విలువ) ఇస్తే ఏ వరసలో నంబర్లు వస్తాయో దాని మీద కూడా ఎవరో ఒకరి టెస్టులు ఆధారపడి ఉంటాయి. డాక్యుమెంటేషన్‌లో రాయకపోయినా సరే, బయటికి కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడతారనే మాటని హైరమ్ రైట్ పేరుమీద హైరమ్ సూత్రం అంటారు. పాతదాన్ని బాగుచేస్తున్నాం కదా, ఎవరికీ నష్టం లేదు అనుకునేముందు ఇది గుర్తుకు రావాలి.

ఈ దారికీ ఖర్చుంది. డాక్యుమెంటేషన్ రెండింతలు. కొత్తగా వచ్చినవాళ్లు వెతికితే పాత జవాబులే దొరుకుతాయి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, లోపల రెండు ఇంప్లిమెంటేషన్లు మిగిలిపోవడం, అప్పుడు ప్రతి బగ్‌నీ రెండుసార్లు సరిచేయాలి. కాబట్టి అసలు పని కొత్తదానిలో ఉండాలి, పాతది దాని మీద పల్చటి రేపర్ కావాలి. త్వరగా అయిపోతుందని చాలామంది తిరగేసి చేస్తారు, పాతదాన్ని కదపకుండా దాని మీద కొత్త పేర్లు తొడుగుతారు. పాతది ఫైలంతా ఒకేసారి మెమరీలోకి లాగుతుంటే, దాని మీద కట్టిన కొత్త స్ట్రీమింగ్ ఇంటర్‌ఫేస్ కూడా లోపల అదే చేస్తుంది, పేరుకే స్ట్రీమింగ్.

రేపర్ సరిగ్గా ఉందో లేదో పాత టెస్టులే చెప్తాయి. వాటిలో ఒక్క లైను కూడా మార్చకుండా రేపర్ మీద నడపండి. మన ఫంక్షన్ సంగతే తీసుకుంటే, పాతది ఎర్రర్ వస్తే ఖాళీ విలువ ఇచ్చేది, కొత్తది ఎక్సెప్షన్ ఇస్తుంది, కాబట్టి రేపర్ దాన్ని పట్టుకుని ఖాళీ విలువగా మార్చాలి. కానీ అన్ని ఎక్సెప్షన్లనూ పట్టుకుంటే మీ కొత్త కోడ్‌లోని బగ్గులు కూడా నిశ్శబ్దంగా ఖాళీ విలువలైపోతాయి. పాతది ఏవి మింగేదో చూసి అవే పట్టుకోండి. ఇలా సర్దుతూ పోతే రేపర్ పెద్దదవుతోందంటే, మీరు రూపం కాక అర్థం మారుస్తున్నారన్నమాట, అప్పుడది పేరు మార్చి తెంచుకోవాల్సిన సంగతి.

అందుకని మన ఫంక్షన్‌కి నేనైతే ఇలా చేస్తాను. కొత్త పేరుతో కొత్త ఫంక్షన్, ఆప్షన్లన్నీ పేర్లతోనే ఇచ్చేలా. పాతది దాన్ని పిలిచే రేపర్. మొదటి రిలీజులో వార్నింగ్ కూడా పెట్టను, ఎందుకంటే కొత్తదానిలో ఏం తక్కువైందో ముందు వాడినవాళ్లు చెప్పాలి. ఆ తర్వాతి రిలీజులో, అందరికీ కనిపించే వార్నింగ్, పైథాన్‌లో అయితే వార్నింగ్ ఏ చోటును చూపాలో చెప్పే స్టాక్‌లెవెల్‌ని 2గా పెట్టి, నా ఫైలు పేరు కాకుండా పిలిచినవాళ్ల ఫైలు పేరూ లైను నంబరూ చూపించేలా. మెసేజ్‌లో మూడు విషయాలు: బదులుగా ఏం రాయాలి, ఏ వెర్షన్‌లో తీసేస్తున్నాం, ప్రవర్తనలో ఏం తేడా ఉంది. తీసేసే వెర్షన్ వచ్చాక రేపర్ వల్ల పెద్ద భారమేమీ లేకపోతే ఇంకో రిలీజు ఆగుతాను, కానీ ఆ సంగతి మెసేజ్‌లో నంబర్ మార్చి ముందే చెప్తాను.