సేంద్రియ తెల్లబియ్యమా, మామూలు చోళ్లా (రాగులా)?

శ్రీకాకుళంలో మా ఇంట్లో అమ్మమ్మకీ, అమ్మకీ ఇద్దరికీ షుగర్ ఉంది. నాకూ వస్తుందేమోనన్న టెన్షన్‌తో సేంద్రియ బియ్యం కొనడం మొదలుపెట్టాను.

ఫ్రాన్స్‌లో న్యూట్రినెట్-శాంటే అనే పెద్ద అధ్యయనం ఉంది. సేంద్రియ ఆహారం ఎక్కువగా తినేవాళ్లకి టైప్ 2 మధుమేహం ముప్పు దాదాపు 35 శాతం తక్కువని 2020లో తేల్చింది. కానీ అలా తినేవాళ్లు కూరగాయలు, పొట్టు ధాన్యాలూ ఎక్కువే తింటారు. పరిశోధకులు వాటిని లెక్కలోకి తీసుకున్నా, పురుగుమందు లేకపోవడమే కారణమని ఇలాంటి పరిశీలనతో రుజువు కాదు.

పైగా పాలిష్ పట్టిన బియ్యం సేంద్రియమైనా తెల్లబియ్యమే. 100 గ్రాముల్లో పీచు 3 గ్రాముల లోపే. చోళ్లలో అయితే 11 గ్రాములు. చోళ్లలో పిండిపదార్థమూ తక్కువేం కాదు. మెత్తగా ఆడించి పలచటి జావ కాస్తే షుగర్ త్వరగానే పెరగవచ్చు.

డబ్బు ఒకదానికే సరిపోతే నేను చోళ్లే కొంటాను. ఏమైనా మిగిలితే కూరగాయలు. రసాయనాలు వాడని పంట దొరికితే చాలా మంచిది, పొలంలో పురుగుమందు కొట్టే రైతుకి అది ఇంకా మంచిది. అన్నం మాత్రం కంచంలో సగం తగ్గించాను.