బెజవాడలో రెండు సాయంత్రాలు, ఒక షికారు

"షికారుకెళ్దాం పదండ్రా" అని పెదనాన్న చెప్పులేసుకుంటుంటే, మాతో వచ్చిన లక్నో ఫ్రెండ్ నా మొహంలోకి చూశాడు. వాళ్ల భాషలో షికార్ అంటే వేట. ఇక్కడ ఏం దొరుకుతాయని అడిగాడు. పునుగులు దొరుకుతాయని చెప్పాను.

పారసీ నుంచి వచ్చిన మాట అది. మన దగ్గరికొచ్చేసరికి తుపాకీ పోయి, చేతులూపుకుంటూ తిరగడం మిగిలింది. వాహ్యాళి కూడా మొదట్లో గుర్రపు సవారీ మాటేనట, పెదనాన్న చెప్పారు. ఇప్పుడది పుస్తకాల్లోనే నడుస్తోంది.

మొదటి సాయంత్రం ప్రకాశం బ్యారేజీ. 1957లో పూర్తయింది, 70 గేట్లు, పొడవు దాదాపు 1,224 మీటర్లు. ఇటు విజయవాడ, అటు సీతానగరం. మేం వెళ్లినప్పుడు గేట్లు మూసి ఉన్నాయి. ఎగువన అంచుదాకా నీళ్లు, దిగువన ఇసుక మేటలు. మెడ అటూ ఇటూ తిప్పితే రెండు వేర్వేరు నదుల్లా ఉన్నాయి. గాలికి వంక పెట్టలేం. కానీ పక్కనే బైకులు, హారన్లు. ముందు పెదనాన్న, వెనక నేను, ఆ వెనక ఫ్రెండు. ఆయన చెప్పిందాంట్లో సగం నాదాకా రాలేదు. కబుర్లు లేకుండా నడిస్తే అది డాక్టరు చెప్పిన వాకింగ్ అవుతుంది గానీ షికారెలా అవుతుంది?

మర్నాడు పొద్దున భవానీ ద్వీపం. పడవ షికారు బాగుంది, పిల్లలున్నవాళ్లు తప్పక వెళ్లొచ్చు. పడవ కోసం ఎదురుచూడటమే విసుగు.

అసలు షికారు ఆ సాయంత్రం బీసెంట్ రోడ్డులో జరిగింది. పని లేకపోయినా తిరగగలిగే వీధి అది. నేల మీద గుట్టలుగా చెప్పులు, బండ్ల మీద క్లిప్పులు, గాజులు, నైటీలు. ఒకామె పావుగంట బేరమాడి, వద్దని నాలుగడుగులేసి, వెనక్కొచ్చి అదే ధరకు కొనుక్కుంది. జనం ఎంత నెమ్మదిగా కదులుతారంటే తొందరగా నడవాలన్నా కుదరదు. మోకాళ్ల నొప్పులున్న పెదనాన్నకు ఆ నడక సరిగ్గా సరిపోయింది. పునుగులు కాగితంలో వేసి, పైన అల్లం చట్నీ పోసి ఇచ్చాడు. కాగితం నానేలోపు తినేయాలి. ఫ్రెండు నాలుక కాల్చుకున్నాడు.

అప్పుడే పెద్దమ్మ ఫోను. "ఇంకా ఎక్కడ ఊరేగుతున్నారండీ?" ఊరేగడమంటే ఏంటని ఫ్రెండు అడిగాడు. దేవుడు చేస్తే ఉత్సవం, మనం చేస్తే తిట్టు అన్నాను.

బస దగ్గరే దెబ్బ తిన్నాం. బస్టాండు దగ్గరని తీసుకున్న లాడ్జిలో వేడినీళ్లు పొద్దున ఎనిమిదింటికే బంద్. ఆ సంగతి మాకు సబ్బు రాసుకున్నాకే తెలిసింది. మళ్లీ వస్తే గవర్నరుపేటలో దిగుతాం. బీసెంట్ రోడ్డుకు ఆటో కూడా అక్కర్లేదు.