ది స్టేషన్ ఏజెంట్, లిటిల్ మిస్ సన్‌షైన్: ఏది ముందు చూడాలి?

ఎక్కడా ఇమడని మనుషులు ఒకరికొకరు దొరికే కథలే రెండూ. దారులే వేరు.

టామ్ మెకార్తీ తీసిన ‘ది స్టేషన్ ఏజెంట్’ (2003)లో మరుగుజ్జు అయిన ఫిన్‌కి న్యూజెర్సీలో ఓ పాత రైల్వే డిపో వారసత్వంగా వస్తుంది. ఏకాంతం కోరి వెళ్తాడు. కాఫీ బండి నడిపే జో మాత్రం వదలడు. కొడుకును పోగొట్టుకున్న ఒలీవియా వాళ్లతో కలుస్తుంది. మాటలు తక్కువ, పట్టాల వెంట నడకలు ఎక్కువ. ఫిన్‌గా పీటర్ డింక్లేజ్ మౌనమే సగం సినిమా.

‘లిటిల్ మిస్ సన్‌షైన్’ (2006)లో ఇమడనివాళ్లంతా ఒకే ఇంట్లో ఉన్నారు. పాప అందాల పోటీ కోసం ఆరుగురూ పసుపు ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో కాలిఫోర్నియా బయల్దేరతారు. దారిలో క్లచ్ పోతుంది. మొదటి రెండు గేర్లకూ క్లచ్ తప్పదు కాబట్టి అందరూ తోసి, వేగం అందాక మూడో గేరులో నడపాలి, పరుగెత్తుతూ ఒక్కొక్కరే ఎక్కాలి. ఎవరినీ వదిలేసి పోలేని కుటుంబాన్ని ఇంత చక్కగా చూపిన దృశ్యం అరుదు. మైకెల్ ఆర్న్ట్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది.

నలుగురితో కలిసి చూసేటట్టయితే రెండోదే. అయితే ఆత్మహత్యాయత్నం ప్రస్తావన, ముతక మాటలు ఉన్నాయి, చిన్నపిల్లలకు వద్దు. ఒంటరిగా, రాత్రి, తీరిగ్గా అయితే మొదటిదే. గంటన్నరకు మించదు.