రాజుని ఉంచాలా, తీసేయాలా? ఫ్రాన్స్ ముందున్న రెండు దారులు

1789లో ఫ్రెంచ్ విప్లవంతో రాజు నిరంకుశత్వం కూలింది సరే, తర్వాత ఏంటి? రాజ్యాంగానికి లోబడిన రాజా, అసలు రాజే లేని రిపబ్లిక్కా?

ఖర్చు: రాజుని ఉంచితే రక్తపాతం తక్కువ. రిపబ్లిక్‌కి చాలా ప్రాణాలు పోయాయి. 1793-94లో కోర్టు తీర్పులతోనే దాదాపు 17,000 మందిని చంపారు, ఈ సంఖ్యని నేను తేలిగ్గా దాటలేను.

ఓటు: 1791 రాజ్యాంగంలో మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టే మగవాళ్లకే. 1792 ఎన్నికల్లో ఆ షరతు తీసేశారు. ఆడవాళ్లకి మాత్రం రెండింట్లోనూ లేదు.

బానిసత్వం: మొదటి దారి కాలనీల్లోని బానిసత్వం జోలికే పోలేదు. రిపబ్లిక్ 1794లో రద్దు చేసింది, అదీ ఫ్రెంచ్ కాలనీ సాన్-డొమాంగ్‌లో (ఇప్పటి హైతీ) బానిసలు తిరగబడ్డాకే.

రిస్క్: మొదటిదంతా రాజు మాట మీదే ఆధారపడింది. 16వ లూయీ 1791 జూన్‌లో కుటుంబంతో పారిపోతూ వారెన్ అనే ఊళ్లో దొరికిపోయాడు, ఆ తర్వాత కూడా చట్టాలకి వీటోలు పెడుతూ పోతే జనం ఎలా నమ్ముతారు? 1792 ఆగస్టు 10న పారిస్‌లో రాజు ఉంటున్న ట్యూలరీ ప్యాలెస్ మీద పడ్డారు, ఆ రాజ్యాంగం ఏడాది కూడా నిలవలేదు.

రాజు మనస్ఫూర్తిగా ఒప్పుకుని, సరిహద్దులో యుద్ధం లేకపోతే మొదటి దారే మేలు. ఆస్ట్రియాతో యుద్ధం జరుగుతుంటే రాణే శత్రువుకి కబుర్లు పంపుతున్నప్పుడు, రిపబ్లిక్ తప్ప వేరే దారి నాకు కనిపించదు.